ఒళ్లో ఎర్ర రాట్నం

ఎర్రవల్లి చౌరస్తాలో డ్రైవరు దిగి చాయ తాగుతున్నాడు కాబట్టి బస్సు కదలదు. కదలకుండా ఉండటం బస్సుకు ఎంత తేలిక అనుకుంది చంద్రకళ, ఇంజను ఆపేస్తే చాలు, ఏడేళ్ళ పిల్లను మాత్రం ఎక్కడ నొక్కి ఆపాలో వనపర్తి దవాఖానలో డాక్టరుకూ తెలియదు, సిస్టరమ్మకూ తెలియదు, కన్న తనకూ తెలియదు. తొడ ఎముక విరిగింది, కాలికి పట్టీ అంటించి, పట్టీకి తాడు కట్టి, తాడును మంచం కాళ్ళవైపు గిలక మీదుగా తీసి, చివర రెండు ఇటుకలు వేలాడదీశారు, ఆరు వారాలు అలాగే ఉండాలన్నారు, మూడు అయ్యాయి, మూడు మిగిలాయి. మొదటిరోజు ఆ ఇటుకలను చూసి అందరూ భయపడ్డారు గానీ తన పెనిమిటి మార్కండేయ మాత్రం భయపడలేదు, తాడును వేలితో మీటి చూసి "పడుగు బిగువు లెక్కనే గద సార్, బిగువు పోతే బట్ట ముడతవడ్తది" అన్నాడు, డాక్టరు నవ్వాడు, అంతే అన్నాడు, గద్వాల సాలోళ్ళకు చెప్పనక్కరలేదన్నాడు. తండ్రికి చెప్పనక్కరలేదు, పిల్లకు ఎంత చెప్పినా చాలదు. రెండుసార్లు మెలితిరిగింది రాజి, రెండుసార్లూ తాడు గిలక మీంచి జారింది, రెండోసారి ఫొటో తీసి చూసి డాక్టరు నవ్వలేదు. ఇంకోసారి గిట్ల కదిలితే ఎముక మీద ఎముక ఎక్కి అతుక్కుంటదమ్మా, కాలు కురచ అయితది, పిల్ల జన్మంత కుంటుతది, తర్వాత నన్ను అడగొద్దు. అడగను సార్ అంది చంద్రకళ, ఏం అడగనని అందో తనకే తెలియకుండా.

పొద్దున మొదటి బస్సుకు బట్టలకని గద్వాల ఇంటికి పోయింది, మధ్యాహ్నానికి తిరిగి వస్తోంది, నడుమ ఈ కాసేపూ పిల్లను చూడమని పక్క మంచం ఈదమ్మకు చెప్పింది. ఈదమ్మ మంచి మనిషే, తుంటి విరిగిన మొగుణ్ణి నెల రోజులుగా తిట్టుకుంటూ సాకుతోంది, కానీ ఈదమ్మకు తెలిసిన ఉపాయం ఒక్కటే, చేతులు రెండూ మంచానికి కట్టెయ్యి పిల్లా, మా ముసలోనికి గట్లనే చేసిన. ఇప్పుడు అక్కడ ఇటుకలు ఎలా ఉన్నాయో. నిటారుగా వేలాడుతూ ఉంటే మంచిది. ఊగుతూ ఉంటే పిల్ల కదిలినట్టు. ఈ మూడు వారాల్లో చంద్రకళ పిల్ల మొహం కంటే ఆ ఇటుకలనే ఎక్కువ చూసింది, నీళ్ళు తాగుతూ చూసింది, అన్నం కలుపుతూ చూసింది, నిద్రలోకి జారే ముందు చివరిసారి చూసేది కూడా వాటినే, ఒకదాని మీద కంపెనీ అచ్చు ఉంది, రెండోదాని మూల విరిగింది, ఏ ఇంటి గోడలోనో ఉండవలసినవి.

ఏదన్న ఆట వస్తువు తెచ్చియ్యి, పిల్ల దాన్లవడి మరిచిపోతది, అన్నారు అందరూ. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి తెచ్చారు. గుడ్డబొమ్మ తెచ్చారు, బొమ్మకు నడక నేర్పాలని రాజి లేవబోయింది. కాగితపు గిరక తెచ్చారు, అది గాలికి తప్ప తిరగదు, గాలి కిటికీలోంచి తప్ప రాదు, కిటికీ పిల్ల తల వెనక ఉంది, గిరకను కిటికీకి చూపించాలని మెడ, భుజం, నడుము అన్నీ తిప్పింది, మొదటిసారి తాడు జారింది అప్పుడే. బుడగ తెచ్చారు, పైకి పోయింది. అచ్చనగండ్లు తెచ్చింది తనే, పడుకుని ఎగరేస్తే గండ్లన్నీ మొహం మీద పడ్డాయి, మిగిలినవి మంచం కింద పడ్డాయి. వరసకు మామ అయ్యే జంగయ్య సీటీ తెచ్చాడు, అది ఆ పూటే సిస్టరమ్మ జేబులోకి పోయింది, తర్వాత కంపౌండరును పిలవాలంటే ఆమె దాన్నే ఊదుతోందని వార్డంతా అంటారు. అన్నిటికంటే పెద్ద పని చేసింది మార్కండేయ, పెబ్బేరు సంతలో గులాబీరంగు పూసిన కోడిపిల్లను కొని అంగీ జేబులో పెట్టుకొచ్చాడు, పిల్ల సంతోషం చెప్పనలవి కాదు, అయిదు నిమిషాలు అరచేతిలో పెట్టుకుని ఊపిరి కూడా పీల్చలేదు, తర్వాత కోడిపిల్ల కోడిపిల్ల చేసే పనే చేసింది, దూకి మంచం కిందికి పోయింది, దాని వెంట రాజి సగం పోయింది. రెండోసారి. అప్పుడు చంద్రకళకు తోచింది ఒకటి, పిల్లలకని మనుషులు చేసే వస్తువులన్నీ పరుగెత్తేవే, ఎగిరేవే, దొర్లేవే, వాటి వెంట పిల్లలు పరుగెత్తాలనే చేస్తారు. కదలని పిల్ల కోసం ఎవ్వరూ ఏదీ చేయలేదు.

ఒక్కటి తప్ప. అది ఇప్పుడు తన ఒళ్లో ఉంది, పాత పంచె ముక్కలో చుట్టి.

డ్రైవరు ఎక్కాడు, అతని వెనకే ఒక ముసలమ్మ ఎక్కింది, నెత్తి మీద గంప, గంపలో ఆముదాలు, చెవులకు గంటీలు, గట్టు అనే ఊరి నుంచి వస్తున్నానని ఎవరూ అడగకుండానే కండక్టరుకు చెప్పి, డ్రైవరు పక్కన ఆడవాళ్ళ సీటులో చంద్రకళను జరిపి కూర్చుంది. పేరు తిమ్మమ్మ అని కూడా అడగకుండానే తెలిసింది, వనపర్తిలో బిడ్డ నీళ్ళాడిందని, మొగపిల్లగాడని, అల్లుడు నల్లగుంటడు గానీ మనిషి మంచోడని, బస్సు ఊరు దాటేలోగా అంతా తెలిసింది. చంద్రకళ కూడా చెప్పింది, అంతలేసి మాటలు విన్నాక ఏమీ చెప్పకపోతే బాకీ పడినట్టు ఉంటుంది, దవాఖాన అని, బస్టాండు వెనకదేనని, పిల్ల అని, కాలు అని. ఎట్ల పడ్డది? మగ్గం గుంటలపడ్డదవ్వా. అయ్యో శివనే, గుంట మీద పలక లేకుండెనా? ఉండె, అంది చంద్రకళ, ఉండె. తర్వాత కిటికీలోంచి చూసింది, ఎండిపోయిన వేరుశనగ చేలు, ఒక బొంత రాయి, దాని మీద ఎవరో సున్నంతో రాసిన ఓటు గుర్తు.

పలక ఉండె. రెండో మగ్గం ఖాళీగా ఉంది, దాని గుంట మీద వెడల్పాటి పలక ఎప్పుడూ ఉండేది, ఆ రోజు దాన్ని తీసి ఎండలో వేసింది తనే, వడియాలు పెట్టడానికి అంత నున్నటి పలక ఇంకోటి లేదు. పిల్లలు దాగుడుమూతలాడుతున్నారు. గుంట దుంకితే దొరకనని రాజి దుంకింది, కాలు తొక్కుడు కర్రల నడుమ ఇరుక్కుంది, మిగతా మనిషి ముందుకు పోయింది. ఆ చప్పుడు చంద్రకళ విన్నది, ఎండు కట్టె విరిచినట్టు, అప్పుడు ఆమె చేతికి వడియాల పిండి ఉంది. ఇంట్లో ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. అత్త సుభద్రమ్మ పలకను తెచ్చి గుంట మీద వేసింది, వడియాలతో సహా వేసింది, అవి అక్కడే ఎండాయి. అంటే బాగుండేది అనుకుంది చంద్రకళ. అన్నవాళ్ళకు జవాబు చెప్పొచ్చు, అననివాళ్ళు ఏదన్నా అడిగితే ఇచ్చెయ్యవలసిందే.

అత్త అడగలేదు కూడా, చేసి చూపించింది. పొద్దున చంద్రకళ ఇంట్లో కాలు పెట్టేసరికి మగ్గం చప్పుడు లేదు, మార్కండేయ గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు, పోగును అటూ ఇటూ తీసే నాడెలో పెట్టడానికి నూలు కండెలు లేవు, కండెలు చుట్టే మనిషి మూడు వారాలుగా దవాఖానలో ఉంది, అత్తకు కళ్ళు కనిపించక పోగు తెగితే ముడి వేయలేదు. అటక మీంచి ఈ చిన్న రాట్నం ఎప్పుడు దించిందో, నూనె కూడా వేసి పెట్టింది. ఇంత చిన్నది ఎవ్వలదో యాదికున్నదా నీకు అంది. ఉంది. పీట మీద పెట్టి మంచం పట్టెలకు కడితే పండుకోనే తిప్పొచ్చు, సూడు, అని నిజంగానే చాప మీద వెల్లకిలా పడుకుంది, అరవై ఏళ్ళ మనిషి, కడుపు మీద పీట, పీట మీద రాట్నం, మసక కళ్ళను పైకప్పుకు అప్పగించి కుడిచేత్తో తిప్పుతూ ఎడమచేత్తో పోగు వదిలింది, కండె నిండింది, కొంచెం లొడలొడగా నిండింది గానీ నిండింది. మార్కండేయ నవ్వు ఆపుకోలేక నాడెను తుడుస్తున్నట్టు తల దించుకున్నాడు. లేవడానికి మాత్రం ఇద్దరూ పట్టుకోవలసి వచ్చింది. "సూసినవా, నడుము పైన కదిలిందా, కాలు కదిలిందా? పిల్లకు పొద్దు పోతది, మగ్గానికి కండెలైతయి. నువ్వు గట్లనే నేర్సుకోలేదా రాజోలిల? ఏమైంది నీకు? మంచిగనే ఉన్నవ్ గద." మంచిగనే ఉన్న అంది చంద్రకళ. ఖాళీ కండెలూ నూలు చుట్టా అన్నీ మూటలో పెట్టింది అత్త, పెనిమిటి బస్సు దాకా మోశాడు, బస్సు కదిలేముందు కిటికీ దగ్గరకు వచ్చి, "నీకెట్ల తోస్తే గట్ల చెయ్" అన్నాడు. అతన్ని వెనక్కి పిలిచి ఆ మాట అతని చేతిలోనే పెట్టాలనిపించింది, తనకు ఎట్లా తోస్తుందో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏంది పిల్లా గది, దేవుని తీరు ఒళ్లో పెట్టుకున్నవ్?" అంది తిమ్మమ్మ, మూట మీద వేలితో పొడిచి.

"రాట్నమవ్వా. పిల్లకు."

"ఆడుకునేదా, పనిజేసేదా?"

చంద్రకళ నోరు తెరిచింది. బస్సు గుంతలో పడి లేచింది, ముసలమ్మ గంప పట్టుకోవడంలో పడింది, జవాబు చెప్పవలసిన అవసరం తప్పింది. కానీ ప్రశ్న గంపలా కుదురుకోలేదు, లోపల అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

ఆడుకునేదే. అబద్ధం ఎందుకు, నాయిన దాన్ని ఆడుకోవడానికే చేయించాడు. పుట్టింట్లో, రాజోలిలో, తనకు తొమ్మిదేళ్ళప్పుడు, విషజ్వరం, ఇరవై ఒక్క రోజులు, జావ తప్ప ఏమీ పెట్టలేదు, తలవెంట్రుకలన్నీ రాలాయి, పైకప్పు వాసాలు లెక్కపెట్టీ పెట్టీ వాటికి పేర్లు పెట్టింది, జ్వరం పోయాక కూడా లేవొద్దన్నారు, లేస్తే తిరగబెడుతుందని. అప్పుడు నాయిన కొయ్యపని చేసే వడ్ల బాలస్వామి దగ్గర కూర్చుని దగ్గరుండి చేయించాడు, మిగిలిన టేకు ముక్కతో, ఎర్రరంగు తనే పూశాడు, రంగు ఆరకముందే తెచ్చాడు, అరచేతులు ఎర్రగా ఉన్నాయి, సూడు బిడ్డా ఏం తెచ్చిన్నో. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడన్నా పడిందా తను? పెళ్ళికి పడలేదు, రాజి పుట్టినప్పుడు నొప్పులతో తెలియలేదు. చక్రం తిప్పితే సన్నగా కుయ్యిమనేది, పిట్టను పెంచుకుంటున్నట్టుండేది. మొదటి కండె చుట్టినప్పుడు నాయిన దాన్ని నాడెలో పెట్టి తన ముందే నేశాడు, నీ పోగు ఇగో, ఈ జాన మందం నీదే, పట్నం ఆడామె ఎవ్వరో నీ పోగు కట్టుకుంటది, అన్నాడు. ఆ మాటకు మళ్ళీ జ్వరం వచ్చినంత వేడి పుట్టింది ఒంట్లో. రెండో రోజు నాలుగు కండెలు, పదో రోజు నాయిన మగ్గానికి సరిపోయినన్ని. బడి పెద్దసారు ఒకసారి ఇంటికి వచ్చాడు, సైకిలు గోడకు ఆనించి, పిల్లను పంపవేమయ్యా, బాగా చదువుతది. జర తేరుకోని సార్, పంపిస్త, అన్నాడు నాయిన, అప్పుడు కూడా అబద్ధం చెప్పలేదు, పంపుదామనే అనుకున్నాడు. ఎవ్వరూ అబద్ధం చెప్పలేదు. ఏ రోజూ ఎవరూ బడి మాన్పించలేదు, ఏ రోజుకారోజు ఆ ఒక్క పడుగు అయిపోవాలంతే. తన బడి పలకను గంజికుండకు మూత వేసి మీద బరువు రాయి పెట్టారు, చాలా రోజులు ఆ పలక మీద తను రాసిన ఎక్కం కనిపించింది, గంజి ఆవిరికి ఒక్కొక్క అంకె పోయింది. నాలుగో తరగతి వాచకంలో సగం దాకా వచ్చారు అప్పటికి. ఆ పాఠంలో ఒక పడవవాడు వరదలో బయలుదేరాడు, అవతలి ఒడ్డున ఎవరో జబ్బుమనిషికి మందు తీసుకుని, పేజీ తిప్పే లోపు జ్వరం వచ్చింది, పడవవాడు చేరాడో లేదో ఇప్పటికీ తెలియదు.

బస్సులో రాసినవి చదవగలదు. పొగ త్రాగరాదు. స్త్రీలకు మాత్రమే. టిక్కెట్టు లేని ప్రయాణము నేరము, ఇందులో టిక్కెట్టు దగ్గర కాస్త ఆగి చదువుతుంది. దుకాణాల పేర్లు, గోడల మీద మందుల ప్రకటనలు, ఎక్కడ అక్షరం కనబడితే అక్కడ చదువుతుంది, ఎవరూ చూడకుండా పెదవులు కదపకుండా చదువుతుంది. రాజి అట్లా కాదు, పెదవులు కదిపి, గట్టిగా, వార్డంతా వినేలా చదువుతుంది, సిస్టరమ్మ కాగితం మీది పేరు చదువుతుంది, మందు సీసాల మీద తెలుగు లేదని కోపగించుకుంటుంది. రెండో తరగతి. ఇంకో మూడు వారాల తర్వాత ఇంటికి, ఆ తర్వాత కర్ర పట్టుకుని నెలా రెండు నెలలు, బడి చాలా దూరం, ఎండ, అప్పటికి చేతులకు అలవాటవుతుంది, కండె మీద పోగు ఎక్కడ వదలాలో వేళ్ళకు తెలిసిపోతుంది, ఒకసారి తెలిసిందా ఇక వేళ్ళు మరిచిపోవు. జర తేరుకోని. ఆ మాట ఈసారి ఎవరు అంటారు? మార్కండేయ అనడు, అత్త అంటుందేమో. కాదు. తనే అంటుంది. పెద్దసారు సైకిలు దిగితే గడప దగ్గర నిలబడి తనే అంటుంది, జర తేరుకోని సార్, ఆ మాట ఎట్లా పలకాలో ఆమెకు ఇప్పుడే వచ్చు, నాయిన పలికినట్టే, తల కొంచెం పక్కకు వంచి.

కానీ కాలు. బడికి పోవడానికైనా కాళ్ళు రెండూ సమానంగా ఉండాలి గదా. ఈ రాట్నం ఇస్తే పిల్ల కదలదు, అందులో అనుమానం లేదు, తను కదల్లేదు, వాసాలకు పేర్లు పెట్టడం ఆపి మరీ పడుకుంది. ఇవ్వకపోతే మళ్ళీ తాడు జారుతుంది. కుంటి కాలుతో చదువుకున్న పిల్లా, నిండు కాళ్ళతో రాట్నం ముందు కూర్చున్న పిల్లా. ఎవరూ ఇలా ఎదురుగా నిలబెట్టి అడగరు, అడగనప్పుడే ఇటువంటివి తేలిపోతాయి. తను చంపలేదు, కొట్టలేదు, పలక తీసింది, అంతే, ఇప్పుడు రాట్నం ఇస్తుంది, అంతే.

బీచుపల్లి వంతెన మీదికి ఎక్కగానే బస్సు చప్పుడు మారింది, కింద కృష్ణ, సగం నీళ్ళు, సగం బండలు. తిమ్మమ్మ కొంగుముడి విప్పి నాణెం కిటికీలోంచి నీళ్ళలోకి విసిరింది, దండం పెట్టింది, మనవడికి నిండు నూరేళ్ళు అడిగింది, అల్లుడికి కాస్త తెలుపు కూడా అడిగింది, తనలో తను నవ్వుకుంది. "నువ్వు గుడ్క అడుగు పిల్లా." చంద్రకళ అడుగుదామనే అనుకుంది, ఏమని అడగాలో మాటలు కూర్చుకునేలోగా వంతెన అయిపోయింది.

అప్పుడు తల తిప్పుకోకుండానే వెనక సీటులో ఒకతను అరటిపండు తొక్క తీస్తున్నాడని ఆమెకు తెలిసింది. ఎట్లా తెలిసిందని చూస్తే, డ్రైవరు నెత్తి మీది అద్దం. అందులో బస్సంతా ఉంది, వెనక వరసలో నిద్రపోతున్న పోలీసు, మేకపిల్లను కాళ్ళ మధ్య పెట్టుకున్న ఆమె, టికెట్లు లెక్కచూసుకుంటున్న కండక్టరు, వెనక అద్దంలోంచి దూరమైపోతున్న వంతెన కూడా. డ్రైవరు మెడ తిప్పడు. వెనక ఏం జరుగుతుందో అన్నీ తెలుసు అతనికి, మేకపిల్లను సీటెక్కించొద్దు అని ముందుకు చూస్తూనే కేకవేశాడు. మార్కండేయ కూడా మెడ తిప్పడు. కొంగు నేసేటప్పుడు మంచి ముఖం కిందివైపు ఉంటుంది, నేసేవాడికి కనిపించేదంతా వెనకవైపే, పోగుల కొసలూ ముడులూ, అందుకని గుంటలో మోకాళ్ళ దగ్గర చిన్న అద్దం ముక్క పెట్టుకుంటాడు, చీర కిందికి దాన్ని జరిపి వంగకుండా చూసుకుంటాడు, హంస మెడ సరిగ్గా వంగిందా లేదా. పెళ్ళైన కొత్తలో తను అడిగింది, చీర మొహం చూడాలంటే అద్దం కావాల్నా అని. నీ మొహానికి అక్కరలేదు, దీనికి కావాలె, అన్నాడు.

రాజి ఎందుకు మెలితిరుగుతుంది? కిటికీ కోసం. ఇన్నాళ్ళూ తను పిల్ల చేతులకు ఏం పెట్టాలని చూసింది, పిల్ల చేతులు ఎప్పుడూ ఏమీ అడగలేదు. అమ్మా, గా సైకిలు దుకాణపాయన ఎవ్వల్ని తిడుతుండు? అమ్మా, ఐసుబండి వచ్చిందా, ఏం రంగు? అమ్మా, గేటు కాడ గుర్రమా, గాడిదా? అన్నీ తల వెనక చప్పుళ్ళు, చప్పుడు వినిపిస్తే మొహం చూడాలి, ఏ పిల్లకైనా అంతే. మంచం తిప్పమని అడిగింది ఒకరోజు, సిస్టరమ్మ కసిరింది, ఒక్క మంచం తిప్పితే వార్డంత తిప్పాలె, గిలక యాడ కడతవ్? ముందు గోడ వైపు తెల్ల సున్నం, ఒక బల్లి, కుటుంబ నియంత్రణ బొమ్మ. ఆరు వారాలు ఆ బొమ్మలో నవ్వే ఇద్దరు పిల్లల్ని చూస్తూ ఎవరు పడుకుంటారు?

పెబ్బేరులో శనివారం సంత, రోడ్డు మీదికే ఎడ్లు, బస్సు పావుగంట పాకింది. కిటికీ కింద పిన్నులు, దువ్వెనలు, బొట్టుబిళ్ళలు అమ్మే మనిషి తట్ట పైకెత్తి పట్టుకుని బస్సుతో పాటు నడుస్తోంది. అద్దం ఉన్నదా? ఉన్నదక్కా, గుండ్రందా, పలకదా? తిమ్మమ్మ అడ్డంవడింది, జబ్బు పిల్లకు అద్దం సూపియ్యొద్దంటరు, మొహం పీక్కపోయి ఉంటది, ఝడుసుకుంటది. మొహం చూసుకోవడానికి కాదవ్వా, అంది చంద్రకళ, తన గొంతు కాస్త గట్టిగా వచ్చిందని తర్వాత తెలిసింది. ఒళ్లో మూటను సీటు కిందికి జరిపి పలకది తీసుకుంది, అరచేతికంటే పెద్దది, రేకు చట్రం, వెనక నెమలి బొమ్మ, సగం రంగు పోయింది. ఎడ్లు అడ్డం తొలగాయి, బస్సు ఊపందుకుంది. అద్దాన్ని కొంచెం ఎత్తి చూసింది, ముందు తన చెవి కనిపించింది, కాస్త తిప్పితే వెనక కిటికీ, కిటికీలో సంత, ఎవరో ఎద్దు పళ్ళు చూస్తున్నారు, ఇంకా తిప్పితే ఆకాశం. చేతి మణికట్టు తిప్పితే చాలు. తొడ దాకా ఏమీ కదలనక్కరలేదు. దీనితో ఒక్క కండె కూడా చుట్టలేరు, పదేళ్ళు తిప్పినా ఏమీ తయారుకాదు. ఆ సంగతి తోచగానే చంద్రకళకు నవ్వు లాంటిది వచ్చింది. పిల్లకు ఇవ్వడానికి ఎందుకూ పనికిరాని వస్తువు ఒకటి దొరికింది.

రెండూ ఇవ్వొచ్చు గదా, అంది లోపల ఒకరు, అత్త గొంతుతో. కండెలు చుట్టి చుట్టి విసుగొస్తే అద్దం. అదీ నిజమే. అట్లా అనే నాయిన కూడా మొదట్లో పలక పక్కనే పెట్టేవాడు.

వనపర్తి బస్టాండులో దిగేటప్పుడు ఆమె చేతులు చేసిన పనులన్నీ ఆమె చూసింది, ఇంకెవరివో చేతుల్ని చూసినట్టు. బట్టల సంచి తీసుకున్నాయి. సద్దిగిన్నె తీసుకున్నాయి. అద్దాన్ని రవికెలో పెట్టుకున్నాయి. సీటు కింద మూట, పంచె ముక్క ఒక చెంగు బయటికి వచ్చి ఉంది, ఎర్రగా కొంచెం కనిపిస్తోంది, దాన్ని చూసింది, దాని పిడి మీద రంగు ఎక్కడ పోయిందో అక్కడ తన తొమ్మిదేళ్ళ చెయ్యి ఉంది. తిమ్మమ్మ కంటే ముందు దిగింది. నడిచింది. మరిచిపోవడం అంటే ఇదేనేమో, ఇంత గుర్తు పెట్టుకుని చేయవలసిన పని అని ఆమెకు తెలియదు.

వార్డులో అడుగు పెడుతూనే ఇటుకలను చూసింది. ఊగడం లేదు. ఈదమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది, కట్టెయ్యలేదు, పట్టుకుంది. "జల్ది రా పిల్లా, నీ బిడ్డ నా పానం తింటుంది, బయట ఎవ్వలో డోలు కొడుతుండ్రంట, సూస్తనని ఒకటే లొల్లి." రాజి మొహం పీక్కుపోయి ఉంది, కళ్ళు మాత్రం వెనక్కి, నుదుటి మీంచి వెనక్కి పోవాలని చూస్తున్నాయి. చంద్రకళ అద్దం పిల్ల చేతిలో పెట్టి మణికట్టు పట్టుకుని మెల్లగా తిప్పింది, ముందు పైకప్పు వచ్చింది, తర్వాత కిటికీ ఊచలు, తర్వాత గేటు, గేటు దగ్గర డోలు.

పిల్ల మణికట్టును ఈసారి తనే తిప్పింది, ఇంకోసారి తిప్పింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది, అమ్మకు కాదు, వార్డుకంతా, డోలాయన కాలికి గజ్జెలున్నయి, సైకిలు దుకాణపాయన గుండుగున్నడు, నేను సన్నగుంటడనుకున్న, గది గుర్రం కాదు గాడిదనే. ఈదమ్మ మొగుడు, నెల రోజులుగా గోడకు తిరిగి పడుకున్న మనిషి, గాడిద ఎవ్వలదని అడిగాడు. దాని మీద పేరు రాసుంది, అద్దంల తిరగేసి కనవడతది, జర ఆగు తాతా, అంది రాజి.

"అమ్మా, ఒక అవ్వ వస్తుంది. నెత్తి మీద గంప. చేతిల మన అటక మీది ఎర్ర రాట్నం ఉంది."

చంద్రకళ కిటికీ వైపు తిరగలేదు. గేటు నుంచి వార్డు దాకా ఎంత దూరమో ఆమెకు తెలుసు, నీళ్ళకు రోజూ నడిచే దూరం, ముసలి కాళ్ళు, ఎండ, ఆ నడకలో సగం వరకు ఆమె ఏమీ ఆలోచించలేదు, మిగతా సగంలో వడియాల పలక గురించి ఆలోచించింది. తిమ్మమ్మ గుమ్మంలో గంప దించి, ఆయాసంతో, సంతోషంతో, వార్డంతా దద్దరిల్లేట్టు అంది, "ఏం మనిషివే పిల్లా, ఒళ్లో దేవుని తీరు పెట్టుకొచ్చి, దిగేకాడ దేవుణ్ణి ఇడిసిపెడితివి! కండక్టరు నేను ఉంచుకుంటనన్నడు, నేనియ్యలే."

"గది మాది కాదవ్వా" అంది చంద్రకళ.

తిమ్మమ్మ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. గంటసేపు ఆ ఒళ్లో చూసిన మూట. పంచె ముక్క అదే. ఆమె మూటను చూసింది, తాడును చూసింది, ఇటుకలను చూసింది, పిల్ల చేతిలో అద్దాన్ని చూసింది. గట్టు వైపు చేలలో రాళ్ళు ఏరి ఏరి అరిగిన వేళ్ళతో రాట్నం చక్రాన్ని కాస్త తడిమింది.

"అమ్మా, మనదే గద?" అంది రాజి. "మనది ఇంట్లనే ఉంది" అంది చంద్రకళ. ఇంటివాళ్ళకు ఏం చెప్పాలో ఆలోచించడానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయి.

"అట్లనా" అంది తిమ్మమ్మ. "అయితే ఎవ్వలో మరిచిపోయిండ్రు. బస్సు గుడ్క పాయె. మా బిడ్డ ఇంట్ల బాలింత నీళ్ళు కాగవెట్టనీకి కట్టెలు లేవంట. టేకు గదా, జల్ది అంటుకుంటది." అడిగినట్టు ఆగింది. చంద్రకళ తల ఊపిందో లేదో ఆమెకే తెలియదు, ముసలమ్మకు తెలిసినట్టుంది, గంప నెత్తికెత్తుకుంది, పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి తీసింది, పోయింది. చెవుల్లో రాట్నం కుయ్యిమన్న చప్పుడు, సన్నగా, పిట్టలా, అది ఎప్పుడాగుతుందో చూద్దామని చంద్రకళ మంచం పట్టె మీద కూర్చుంది.

"అవ్వ బయటికొచ్చింది" అంది రాజి. "మెట్లు దిగింది. డోలాయన పోతుండు. అవ్వ గేటు కాడ నిలవడ్డది." అద్దం రవ్వంత కదిలింది, ఇటుకలు కదల్లేదు. "గంప కింద పెట్టింది. రాట్నం పట్టుకొని సూస్తుంది. ఎవ్వలన్న సూస్తుండ్రా అని గిట్ల గిట్ల సూస్తుంది."

పిల్ల పకపకా నవ్వింది, మూడు వారాల తర్వాత, నడుము కింద ఏమీ కదలకుండా.

"తిప్పుతుంది అమ్మా. అవ్వ ఆడుకుంటుంది."